నవ్వును ఎక్కడ తుంచాలి: మ్యాగీ స్మిత్ డెబ్బై ఏళ్ల నటన

1970ల తొలి సగంలో లండన్ నాటక విమర్శకులు మ్యాగీ స్మిత్ మీద చేసిన ఫిర్యాదు కాస్త విడ్డూరంగా ఉంటుంది. నవ్వించడం ఆమెకు మరీ బాగా వచ్చేసిందన్నారు. మణికట్టు విరిచి చెయ్యి గాలిలో నిలపడం, అచ్చుల్ని ముక్కులోంచి సాగదీయడం, వాక్యం చివరి మాటను విరిచి విసరడం... పాత్ర ఎవరిదైనా ఈ మూడూ తప్పడం లేదన్నది వాళ్ల గొడవ. అప్పటికి ఆమె చేతిలో ఒక ఆస్కార్ ఉంది. నేషనల్ థియేటర్‌లో లారెన్స్ ఒలీవియర్ ఎదుట నిలబడి నెగ్గిన పేరుంది. అదే ధోరణిలో మరో ఇరవై ఏళ్లు హాయిగా గడిపేయొచ్చు, చాలామంది గడిపేశారు కూడా. ఆమె మాత్రం 1976లో లండన్ వదిలి కెనడాలోని ఒక చిన్న పట్టణానికి వెళ్లి, షేక్‌స్పియర్, చెహోవ్ నాటకాలతో మళ్లీ పని మొదలుపెట్టింది. మన ప్రేక్షకుల్లో ఎక్కువమందికి ఆమె ‘హ్యారీ పాటర్’ చిత్రాల్లో ప్రొఫెసర్ మెక్‌గొనగల్ గానో, ‘డౌంటన్ అబీ’లో ముసలి జమీందారిణి గానో తెలుసు. ఆ రెండింటిలో కనిపించే పొదుపు ఎక్కడిదో తెలియాలంటే మాత్రం ఈ ఫిర్యాదు దగ్గరి నుంచే రావాలి.

ఆమె 1934 డిసెంబరు 28న ఎసెక్స్‌లోని ఇల్‌ఫర్డ్‌లో పుట్టింది. పెరిగింది ఆక్స్‌ఫర్డ్‌లో. లండన్‌లోని పేరున్న నటనా విద్యాలయాల్లో చదవలేదు; పదహారేళ్లకు బడి మానేసి ఆక్స్‌ఫర్డ్ ప్లేహౌస్‌కు అనుబంధంగా ఉన్న నాటక పాఠశాలలో చేరింది. 1952లో విశ్వవిద్యాలయ నాటక సమాజం వేసిన ‘ట్వెల్ఫ్త్ నైట్’లో వయోలా వేషం కట్టింది. అసలు శిక్షణ దొరికింది మాత్రం రెవ్యూల్లో. 1956లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ‘న్యూ ఫేసెస్’, 1957లో లండన్‌లో హాస్యనటుడు కెన్నెత్ విలియమ్స్‌తో కలిసి ‘షేర్ మై లెటస్’. రెవ్యూ అంటే కథ ఉండని ప్రదర్శన. నాలుగైదు నిమిషాల హాస్య ఘట్టాలు, నడుమ పాటలు. ప్రతి ఘట్టానికీ కొత్త మనిషి. నటి రంగం మీదికి వచ్చిన తొలి పది సెకన్లలోనే ఆ మనిషి ఎవరో, ఏ తరగతిదో, దేనికి తహతహలాడుతోందో తెలిసిపోవాలి. చివరి మాటకు నవ్వు పడాలి, ఆ నవ్వు మీదనే దీపాలు ఆరిపోవాలి. ఈ తర్ఫీదుకు సాటి లేదు. దీనివల్ల అంటుకునే జబ్బూ అలాంటిదే: మూడు గంటల నాటకంలో కూడా నటి ప్రతి నాలుగు నిమిషాలకూ ఒక నవ్వు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. ఆ ముక్కు పలుకు కొంత విలియమ్స్ సావాసం వల్లే అబ్బిందన్నది నాటకాలవాళ్లలో పాత మాట. ఇద్దరి రికార్డింగులూ పక్కపక్కన పెట్టి వింటే కొట్టిపారేయలేం.

ఇక్కడ నవ్వు ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో కొంచెం చూడాలి. నాటకశాలలో నవ్వు మాట పడీ పడగానే అక్కడక్కడ మొదలై, హాలంతా పాకి, ఒక ఎత్తుకు చేరి దిగుతుంది. తర్వాతి డైలాగు ఎత్తుకోవలసింది అది దిగడం మొదలైన క్షణాన. ముందే ఎత్తుకుంటే మాట నవ్వులో మునిగిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, మాటలు పోతున్నాయని గ్రహించిన ప్రేక్షకులు తర్వాతి నుంచి నవ్వును నోట్లోనే నొక్కేసుకుంటారు. పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగితే దృశ్యం చల్లబడుతుంది, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. నవ్వు తెప్పించే మాట వాక్యం చివర ఉండాలి, దాని చివరి అక్షరం దాకా ఊపిరి మిగలాలి. కొత్త నటుల్లో అన్నిటికన్నా మామూలు తప్పు ఊపిరి చాలక చివరి మాటను మింగేయడం. ఆ మాట పడే వేళకు రంగం మీద ఇంకెవరూ కదలకూడదు. పక్కనున్నవాడు టీ కప్పు కింద పెట్టినా చాలు, చూపు అటు పోతుంది, నవ్వు రాదు. ఇవి అందరికీ తెలిసిన సూత్రాలే. స్మిత్ ప్రత్యేకత ఇంకో మెట్టు పైన ఉంది. వాక్యంలో మొదటి భాగాన్ని లెక్కలేనట్టు గబగబా దాటించేసి, ఎవరూ ఊహించని మాట మీద బరువు వేసేది. ‘అయితే’, ‘మరి’ లాంటి కొసరు మాటకు నవ్వు రాబట్టడం ఆమెకు తెలుసు. అలా చేయాలంటే పాత్రకు తాను హాస్యమాడుతున్నట్టు తెలియకూడదు. ఆమె ఆడిన మనుషులు జోకులు వేయరు; తమకు కావలసింది దొరక్క విసుక్కుంటారు.

1963లో ఒలీవియర్ కొత్తగా ఏర్పడిన నేషనల్ థియేటర్ బృందాన్ని లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాలలో మొదలుపెట్టినప్పుడు ఆమెను పిలిచాడు. 1964లో ‘ఒథెల్లో’లో డెస్డిమోనా ఇచ్చాడు. హాస్యనటిగా ముద్రపడ్డ మనిషికి అది పెద్ద పరీక్ష. మరుసటి ఏడాది స్టువర్ట్ బర్జ్ దర్శకత్వంలో ఆ ప్రదర్శనను స్టూడియోలో సినిమాగా తీశారు. రంగస్థలాన్ని కెమెరా ముందుకు తెస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఒలీవియర్ పై గ్యాలరీ దాకా వినబడేలా కట్టుకున్న పాత్రను క్లోజప్‌లో కూడా అదే కొలతలో ఆడాడు. ముఖానికి నల్లరంగు పూసుకుని వేసిన ఆ వేషాన్ని ఈనాడు చూడటమే ఇబ్బంది. ఆ సంగతి పక్కన పెట్టినా, తెర మీద అది అరుపులా తగులుతుంది. డెస్డిమోనా మాత్రం నిలబడింది. ఆమె చేసేదల్లా ఎదుటివాడి మాట వినడం. మాట విన్నప్పుడు ముఖంలో వచ్చే మార్పు గ్యాలరీకి అందదు, కెమెరాకు అందుతుంది. ఆ చిత్రంలో నలుగురు ప్రధాన నటులకూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, వారిలో ఆమె ఒకరు.

అదే రోజుల్లో ఫ్రాంకో జెఫిరెలీ దర్శకత్వంలో ఆమె, రాబర్ట్ స్టీఫెన్స్ కలిసి ఆడిన ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ను 1967లో బీబీసీ ప్రసారం చేసింది. ఆ టేపు పోయిందనే చాలాకాలం అనుకున్నారు. 2010లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఒక ప్రతి బయటపడింది. ఆ తరం రంగస్థల నటన విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. వాళ్లు చేసిన పనిలో అధికభాగం కంటితో చూసినవాళ్ల మాటల్లోనే మిగిలింది. అందుకే సినిమాలను మాత్రమే చూసి వేసే లెక్క ఎప్పుడూ తక్కువ తూగుతుంది.

1969లో వచ్చిన ‘ద ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ’ ఆమెకు ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చింది. నాటకంగా ఆ పాత్రను అంతకుముందు లండన్‌లో వెనెస్సా రెడ్‌గ్రేవ్, బ్రాడ్‌వేలో జోయీ కాల్డ్‌వెల్ ఆడారు. స్మిత్ చేతిలో అది అంతగా అతకడానికి కారణం ఉంది. 1930ల ఎడిన్‌బరాలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే బ్రోడీ తరగతి గదిలో రోజంతా నటిస్తూనే ఉంటుంది. చేతులు తిప్పడం, అక్షరాలను అద్దినట్టు పలకడం, మధ్యలో ఆగి దూరంగా చూడటం ఆ పంతులమ్మ సొంత అలవాట్లు. నటి మీద వేసే నింద ఇక్కడ పాత్ర లక్షణమైపోయింది. చివర్లో తనకు వెన్నుపోటు పొడిచింది తన శిష్యురాలేనని తెలిసే దృశ్యంలో ఆ అలవాట్లన్నీ ఒక్కొక్కటే ఆగిపోతాయి. ముందు గంటన్నర పాటు అంత అలంకారం లేకపోతే ఆ ఖాళీ కనిపించేదే కాదు.

మరి చిక్కెక్కడొచ్చింది? 1970లో ఇంగ్మార్ బెర్గ్‌మన్ దర్శకత్వంలో, ఇబ్సెన్ నాటకంలోని హెడ్డా గాబ్లర్‌గా ఆమె ఎంత బిగపట్టి ఆడగలదో లండన్ చూసింది. లండన్ నాటకాలకిచ్చే ఈవెనింగ్ స్టాండర్డ్ అవార్డూ వచ్చింది. రెండేళ్లకే జాన్ గీల్‌గుడ్ దర్శకత్వంలో నోయెల్ కవర్డ్ నాటకం ‘ప్రైవేట్ లైవ్స్’. ప్రేక్షకులు విరగబడి చూశారు, విమర్శకులు నొసలు చిట్లించారు. వారానికి ఎనిమిది ప్రదర్శనల చొప్పున నెలల తరబడి నడిచే హాస్య నాటకంలో నటన తనంతట తానే ఉబ్బుతుంది. సోమవారం ఒక చేతి విరుపుకు నవ్వు వస్తుంది. మంగళవారం దాన్ని ఒక పిసరు పొడిగిస్తారు. వారం తిరిగేసరికి విరుపుకు ముందు ఒక చూపు, తర్వాత ఒక నిట్టూర్పు చేరతాయి. ప్రేక్షకులు ఒప్పుకున్నారు కాబట్టి తప్పు చేసినట్టు ఎవరికీ అనిపించదు. దర్శకుడు తొలి ప్రదర్శన తర్వాత వెళ్లిపోతాడు. నెలకోసారైనా వచ్చి కోతలు పెట్టకపోతే ఆట వేళ మెల్లగా పెరుగుతుంది, నవ్వుల లెక్క పెరుగుతుంది, కథ సన్నబడుతుంది. ప్రేక్షకుల చప్పట్లను సాటి నటులకన్నా ఎక్కువ నమ్మడం మొదలైతే జరిగేది ఇదే. వన్స్‌మోర్‌లకు అలవాటుపడ్డ మన పద్య నాటకాల నటులకు ఈ రోగం కొత్త కాదు.

కెనడాలో ఆంటారియో రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవానికి అప్పట్లో రాబిన్ ఫిలిప్స్ సారథి. 1976 నుంచి 1980 వరకు, 1979 మినహా, నాలుగు సీజన్లు ఆమె అక్కడ పనిచేసింది. మొదటి ఏడాదే క్లియోపాత్రా, ‘ద వే ఆఫ్ ద వరల్డ్’లో మిలమంట్, ‘త్రీ సిస్టర్స్’లో మాషా. తర్వాత షేక్‌స్పియర్ పాత్రలు రోజలిండ్, టైటానియా, లేడీ మాక్‌బెత్, బియాట్రిస్; చెహోవ్ ‘ద సీగల్’లో అర్కాదినా. ఈ జాబితా కన్నా అక్కడి రంగస్థలం నిర్మాణం ముఖ్యం. ఫెస్టివల్ థియేటర్ వేదిక ప్రేక్షకుల మధ్యకు చొచ్చుకువస్తుంది. మూడు వైపులా జనం కూర్చుంటారు. ఎదురుగా మాత్రమే ప్రేక్షకులుండే లండన్ వేదికల మీద కనుబొమ ఎగరేస్తే హాలంతటికీ కనిపిస్తుంది. ఇక్కడ అదే పని చేస్తే కొందరికి ముఖం, కొందరికి చెవి, మిగిలినవాళ్లకు వీపు. ముఖంతోనూ మణికట్టుతోనూ చేసే చమత్కారం సగానికి సగం వృథా. భావం వెన్నెముకలోంచి, నడకలోంచి, వాక్యం మొత్తాన్ని మోసే ఊపిరిలోంచి రావాలి. పైగా ఒకే వారంలో పాత్రలు మారుతుంటాయి. ఈ రాత్రి క్లియోపాత్రా, రేపు మాషా. ఒక పాత్ర ఉబ్బే లోపల ఇంకొకటి వచ్చి పడుతుంది. ఆమెను కట్టడి చేసిన ఘనత ఫిలిప్స్‌కు ఇస్తుంటారు. అది న్యాయమే, కానీ ఆ వేదికకూ సగం వాటా ఇవ్వాలి. 1978లో అదే ఉత్సవంలో ‘ప్రైవేట్ లైవ్స్’ను మళ్లీ ఆడటం చూస్తే, తప్పు నాటకానిది కాదని ఆమెకు తెలుసుననిపిస్తుంది.

ఆ కాలంలోనే, 1978లో, ‘కాలిఫోర్నియా సూట్’. అందులో ఆమె ఆస్కార్‌కు వెళ్లి ఓడిపోయి తాగి హోటల్ గదికి తిరిగొచ్చే నటి. ఆ పాత్రకే ఆమెకు ఉత్తమ సహాయ నటి ఆస్కార్ వచ్చింది. ఈ తమాషాను అందరూ చెప్పుకుంటారు గానీ, నవ్వు వచ్చిన చోటే నొప్పి కనిపించేలా ఆడటం అందులో గమనించవలసింది. 1980ల సినిమాలు ‘ఎ ప్రైవేట్ ఫంక్షన్’, ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’, ‘ద లోన్లీ ప్యాషన్ ఆఫ్ జుడిత్ హెర్న్’ మూడూ ఆమెకు బ్రిటన్ సినిమా పురస్కారాలైన బాఫ్టాలు తెచ్చాయి. మూడింటిలో చివరిదే అసలైనది: తాగుడు దాచుకుంటూ అద్దె గదిలో ఒంటరిగా వెళ్లబుచ్చే డబ్లిన్ స్త్రీ.

ఆమె మొత్తం పనిలో ఏదో ఒక్కటే చూడాలంటే, అది సినిమా కాదు, నాటకమూ కాదు. 1988లో బీబీసీలో వచ్చిన ‘టాకింగ్ హెడ్స్’ వరుసలో ‘బెడ్ అమంగ్ ద లెంటిల్స్’. రాసి, దర్శకత్వం వహించింది అలన్ బెన్నెట్. దాదాపు యాభై నిమిషాలు. ఒకే మనిషి, కెమెరా వైపు చూస్తూ మాట్లాడుతుంది, అంతే. ఆమె సూజన్, ఒక చర్చి పాస్టరు భార్య. దేవుడి మీద నమ్మకం ఉందో లేదో ఆమెకే తెలియదు, తాగుడు మాత్రం ఉంది. లీడ్స్‌లో కిరాణా కొట్టు నడిపే రమేశ్ అనే భారతీయుడితో సంబంధం ఏర్పడుతుంది. పేరులోని పప్పులు ఆ కొట్టు వెనక గదిలోని బస్తాలవి. రమేశ్ తెరమీద ఎక్కడా కనబడడు. మొగుడూ కనబడడు, పూలు సర్దే చర్చి ఆడవాళ్లూ కనబడరు. అందరినీ సూజన్ నోటి నుంచే చూడాలి.

ఈ ప్రక్రియలో ఏది తప్పినా దాచుకునే చోటు లేదు. మామూలు చిత్రీకరణలో ఒక వాక్యం సరిగా రాకపోతే ఎదుటి నటుడి ముఖం చూపించి అతికించేస్తారు. ఇక్కడ ఎదుటి నటుడే లేడు. కట్‌లు బహు తక్కువ, నెమ్మదిగా దగ్గరయ్యే కెమెరా. ఒక భాగం చివర్లో మాట తడబడితే ఆ భాగం మళ్లీ మొదటి నుంచి. భాగానికీ భాగానికీ నడుమ తెర చీకటైనప్పుడు కథలో కొన్ని రోజులో వారాలో గడిచిపోతాయి. ఆ నడుమ ఏం జరిగిందో చెప్పకముందే కూర్చున్న తీరులో తెలియాలి. నటులు ఈ రకం ఏకపాత్రలో చేసే మొదటి పొరపాటు, చెప్పే ప్రతి మనిషినీ అనుకరించి చూపడం. గొంతులు మార్చి మిమిక్రీ చేస్తే పాత్ర పోయి కళాకారిణి మిగులుతుంది. స్మిత్ మొగుడి మాటలు చెప్పేటప్పుడు గొంతు మార్చీ మార్చనట్టు వదిలేస్తుంది. అనుకరించే ఓపిక కూడా సూజన్‌కు లేదన్నట్టు. రెండో పొరపాటు, విషాదాన్ని ముందే చూపించేయడం. ఆమె నవ్వు తెప్పించే మాటలన్నీ చెప్పాల్సినట్టే చెప్పి, నవ్వుకు చోటు మాత్రం ఇవ్వదు. నాటకశాలలో నేర్చుకున్న ఆ విరామం ఇక్కడ ఉండదు. వాక్యం ముగిసీ ముగియగానే చూపు పక్కకు పోయి తర్వాతి ఆలోచన మొదలవుతుంది. ఇంట్లో ఒంటరిగా చూస్తున్న మనిషికి నవ్వు ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి సూజన్ ఇంకో దుఃఖంలో ఉంటుంది. ఇదే పాత్రను 1996లో ఆమె రంగస్థలం మీద కూడా ఆడింది.

సినిమాలోనూ టీవీలోనూ నవ్వుకు ఉన్న చిక్కు ఇదే. సెట్‌లో ఎవరూ నవ్వకూడదు. ఎంతసేపు ఆగాలో చెప్పే ప్రేక్షకుడు ఉండడు. ఊహించి ఆగితే, సగం నిండిన హాల్లో ఆ ఖాళీ బోసిగా మిగులుతుంది. ఆగకపోతే నిండిన హాల్లో తర్వాతి మాట పోతుంది. ఆ ఖాళీని ఒక చూపుతోనో, చేతిలోని పనితోనో నింపడం ఒక్కటే దారి. ఎంత ఎక్కువ కదిలితే అంత చిక్కు. ఒకే దృశ్యాన్ని నాలుగైదు కోణాల నుంచి తీసేటప్పుడు చెంచా ఏ మాట మీద ఎత్తారో ప్రతిసారీ అదే మాట మీద ఎత్తాలి, లేకపోతే ఎడిటింగ్‌లో షాట్లు అతకవు. తక్కువ కదిలే నటిని ఎక్కడైనా అతికించవచ్చు.

1987లో లండన్‌లో మొదలైన ‘లెటిస్ అండ్ లవేజ్’ను పీటర్ షాఫర్ ఆమె కోసమే రాశాడు. చప్పటి పాత బంగళాను చూపించే గైడు, చరిత్రకు తన సొంత కల్పన జోడిస్తూ పోయే కథ. అచ్చంగా అలంకారానికి లైసెన్సు ఇచ్చిన పాత్ర. కెనడా తర్వాత ఆమె ఆ లైసెన్సును ఎంత దాకా వాడుకోవాలో తెలిసి వాడుకుంది. ప్రమాదంలో భుజానికి దెబ్బ తగలడం, తర్వాత థైరాయిడ్‌కు సంబంధించిన గ్రేవ్స్ వ్యాధి రావడంతో బ్రాడ్‌వే ప్రదర్శన 1990 దాకా ఆలస్యమైంది. ఆ ఏడాది ఆమెకూ, ఎదుట నటించిన మార్గరెట్ టైజాక్‌కూ బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు వచ్చాయి. హాస్యంలో ఎదుటి నటికీ అవార్డు రావడం చిన్న విషయం కాదు. నవ్వుకు వేదిక సిద్ధం చేసేది ఎదుటివాళ్లే.

ప్రపంచమంతా ఆమెను గుర్తుపట్టింది ఆ తర్వాతనే. ఎనిమిది ‘హ్యారీ పాటర్’ సినిమాల్లో ఏడింట ఉంది. అందులో ఒకటి రొమ్ము క్యాన్సర్ చికిత్స నడుస్తుండగానే చేసింది. ఆ వరుసలో నటిగా ఆమెకు పెద్దగా పని పడలేదు. 2001లో రాబర్ట్ ఆల్ట్‌మన్ ‘గోస్‌ఫర్డ్ పార్క్’ వేరు. ఆల్ట్‌మన్ నటులందరికీ విడివిడిగా మైకులు పెట్టి, కెమెరాలను కదిలిస్తూ ఉంచేవాడు. తనను ఎప్పుడు చూస్తున్నారో నటికి తెలియదు, కాబట్టి ‘ఇప్పుడు నా పంచ్’ అని సిద్ధమయ్యే వీలు లేదు. ఆరో ఆస్కార్ నామినేషన్ దానికే వచ్చింది. దాని రచయిత జూలియన్ ఫెలోసే 2010లో ‘డౌంటన్ అబీ’ మొదలుపెట్టాడు. ఆ సీరియల్‌లోని వయొలెట్ క్రాలీ పాత్రకు మూడు ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) వచ్చాయి. 2003లో ‘మై హౌస్ ఇన్ అంబ్రియా’కు వచ్చినదానితో కలిపి నాలుగు.

డౌంటన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. రచయితకు ఆమె చేతివాటం తెలిసిపోయాక, ప్రతి దృశ్యాన్నీ ఆమె చురక మీద ముగించడం అలవాటైంది. ఒకప్పుడు రెవ్యూలో దీపాలు ఆర్పే పద్ధతే ఇది. తొలి సీజన్లలో వారాంతమంటే ఏమిటని నిజంగా తెలియక అడిగిన మనిషి, పోనుపోను చురకలు తయారుచేసే మనిషైంది. ఆ పాత్రలోని అసలు నటన మాటలు లేని చోట ఉంది. మూడో సీజన్లో మనవరాలు సిబిల్ పోయాక నల్లబట్టల్లో వచ్చి హాలు దాటి వెళుతుంది. కెమెరా వెనక నుంచి చూపిస్తుంది. కర్ర మీద బరువు మారడం, నడక ఒక్క చోట తడబడటం తప్ప ఏమీ ఉండదు. వీపుతో నటించడం స్ట్రాట్‌ఫర్డ్‌లో తప్పనిసరైన విద్య.

2007 తర్వాత పన్నెండేళ్లు నాటకం జోలికి పోని ఆమె, 2019లో, 84 ఏళ్ల వయసులో, లండన్ బ్రిడ్జ్ థియేటర్‌లో ‘ఎ జర్మన్ లైఫ్’ ఆడింది. క్రిస్టఫర్ హాంప్టన్ రాసిన ఏకపాత్ర నాటకం. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ దగ్గర టైపిస్టుగా పనిచేసిన బ్రున్‌హిల్డ పోమ్జెల్ తన ముసలితనంలో చెప్పుకున్న మాటలు దానికి ఆధారం. విరామం లేకుండా గంటన్నరకు పైగా, కుర్చీలో కూర్చునే. మాట కోసం తడుముకోవడం, మధ్యలో దారి తప్పడం రాతలోనే ఉన్నాయి. ఇవి కంఠస్థం చేయడం సాఫీగా సాగే సంభాషణకన్నా కష్టం; తప్పటడుగులన్నీ వరుసగా గుర్తుండాలి. తడబడింది పాత్రా నటా అని ప్రేక్షకుడికి అనుమానం వచ్చే దాకా లాగి, అంతలోనే వాక్యాన్ని అందుకునేది. ఆమెకు ఆరో ఈవెనింగ్ స్టాండర్డ్ అవార్డు దీనికే. పోమ్జెల్ పడుచు రోజుల కబుర్లకు నవ్వులు పడతాయి. ఆ నవ్వులను ఆమె అడ్డుకోదు, రానిస్తుంది. తర్వాత ఆ గొంతే, అదే మామూలు స్వరంతో, ఆఫీసులో ఏం టైపు చేసిందో చెబుతుంది. ఇంతసేపూ ఎవరితో కలిసి నవ్వారో ప్రేక్షకులకు అప్పుడు తెలుస్తుంది.

ఆ తర్వాత 2022లో డౌంటన్ రెండో సినిమా, 2023లో ‘ద మిరకిల్ క్లబ్’. 2024 సెప్టెంబరు 27న లండన్‌లో మరణించింది. ఆమె పనిని వరుసలో చూడదలచినవాళ్లు 1965 ‘ఒథెల్లో’తో మొదలుపెట్టి, ‘జీన్ బ్రోడీ’, ఆ మీదట ‘జుడిత్ హెర్న్’, ‘బెడ్ అమంగ్ ద లెంటిల్స్’ చూసి, డౌంటన్‌ను చివరికి ఉంచుకోవడం మంచిది. తిరగేసి చూస్తే చురకలే వినిపిస్తాయి.